బ్రేకు మీద ఎవరి కాలు?

పాత మిల్లు క్వార్టర్లు,
మేడ మీది గది.
మార్చి.

పిడుగూ,

అన్నయ్య దీవెనలు. ఎండలు మొదలయ్యాయి కనుక ఈ ఉత్తరం నీకు కాదు, మూగదానికి. దానికి చదువు రాదు కాబట్టి నువ్వే చదివి వినిపించు.

ఏటా రాసేదే, మళ్ళీ రాస్తున్నాను. వెనక సీటు పక్కన, మోచేయి ఆనే చోటుకి కాస్త కింద, నల్ల జాలీ ఉంటుంది. దాన్ని ఊడదీసి దుమ్ము దులుపు. కారు ప్రాణం ముందు బానెట్ కింద ఉంటుందని లోకం అనుకుంటుంది. మూగదాని ప్రాణం వీపులో ఉంది. ఆ పెద్ద బ్యాటరీ ఊపిరి పీల్చేది ఆ జాలీలోంచే. మీ కుక్క రాల్చే బొచ్చంతా వెళ్ళి కూర్చునేదీ అక్కడే. ఊపిరాడకపోతే వేడెక్కుతుంది, వేడెక్కితే లోపల అరలు ఒక్కొక్కటే చస్తాయి. దానికి మందు లేదు, శుభ్రమే మందు.

నేను దీన్ని కొని తెచ్చిన రోజు గుర్తుందా? వీధి వీధంతా చుట్టూ చేరింది. మిల్లు స్టోరుకీపరు మూడు ప్రదక్షిణాలు చేసి, "కరెంటుదా, పెట్రోలుదా? ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. రెండూనూ అన్నాను. "అంటే రెండూ సరిగ్గా లేవన్నమాట" అని తేల్చేశాడు. మంగలి బానెట్‌కి చెవి ఆనించి, "ఇది ఆన్ అవలేదయ్యా" అంటుండగానే అది కదిలింది. ఆయన వేసిన గంతు మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండేళ్ళు కూడా నిలవదన్నారు అందరూ. ఇరవై దాటింది. అన్నవాళ్ళు తలా నాలుగు కార్లు మార్చారు. కొందరికి ఇక కార్ల అవసరమే లేకుండా పోయింది.

మిల్లు మోతకి నా చెవులు పూర్తిగా పోయాక, హారన్ వినపడనివాడికి కారెందుకని కోడలు తాళాలు దాచేసింది. అందుకే నీకిచ్చాను. చప్పుడు లేని కారు, చెవులు లేని నేను. మంచి జోడీ, విడదీశారు. ఇప్పుడు ఫోన్ చేయమంటారు. నాకు ఫోనంటే చెవి దగ్గర పెట్టుకున్న సబ్బుబిళ్ళే కదా.

బావ ఎలా ఉన్నాడు? వారానికి మూడుసార్లు రక్తం కడిగించుకోవడమంటే మాటలు కాదు. అంత దూరం ఆస్పత్రికి నువ్వు కారులో తీసుకెళ్ళి తీసుకొస్తున్నావంటే, మూగదాన్ని నీకిచ్చి మంచిపని చేశాననిపిస్తుంది. లెక్కలు రాయి: పెట్రోలు ఎలా తాగుతోంది, ఏం మార్చారు, ఏం మోగుతోంది.

మీ అన్నయ్య

*

వాగు దాటిన ఇల్లు.
ఏప్రిల్.

అన్నయ్యా,

వేళ్ళు నొప్పిగా ఉండి ఆయన చేత రాయిస్తున్నాను. దస్తూరీ చూసి కంగారు పడకు.

జాలీ దులిపాను. బొచ్చు తీస్తే ఇంకో కుక్కని చేయొచ్చు. చిన్న బ్యాటరీ పోయిన చలికాలంలోనే మార్చారు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మొన్న మళ్ళీ మార్పించాను, ఈ ఏడాదిలో ఇది రెండోసారి. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతోంది. లీటరుకి ఇరవై రెండు వచ్చేది, ఇప్పుడు పదహారు దాటడం లేదు. ఎడమవైపు ముందు చక్రం అంచు గట్టుకి గీసుకుంది. అంతకన్నా విశేషాల్లేవు. మోత ఏమీ లేదు.

ఆయన బాగానే ఉన్నారు. నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకుని పక్క మంచాలవాళ్ళకి వార్తలు చదువుతారట. రేడియో వాళ్ళు రిటైర్ చేశారు కానీ గొంతు రిటైర్ అవలేదు. ఇంటికొచ్చే దారిలో మాత్రం సొమ్మసిల్లినట్టు ఉంటారు.

నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకో.

నీ పిడుగు

*

పాత మిల్లు క్వార్టర్లు.
మే.

పిడుగూ,

నా మోకాలిని దాని మానాన వదిలేయ్. నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. భోజనం చల్లారింది, కోడలు వచ్చి చేతులూపి తిట్టి వెళ్ళింది.

బ్రేకు ప్యాడ్లు ఏడాదిలో రెండుసార్లా?

నా చేతిలో ఆ కారు పన్నెండేళ్ళుంది. ఒక్కసారి మార్చలేదు. మెకానిక్ చక్రం ఊడదీసి చూసి, "వీటిని వాడారా, దాచుకున్నారా?" అన్నాడు. ఎందుకో నీకు చెప్పాను, మళ్ళీ చెబుతాను. మామూలు కారుని ప్యాడ్లు ఆపుతాయి, రాసుకుని రాసుకుని అరిగిపోతాయి. మూగది అలా ఆగదు. నువ్వు కాలు మెల్లగా ఆనిస్తే మోటారే చక్రాన్ని వెనక్కి పట్టుకుంటుంది, ఆ ఊపునంతా బ్యాటరీలో దాచుకుంటుంది. నెమ్మదిగా ఆపేవాడికి ప్యాడ్లతో పనే లేదు. ప్యాడ్లు ఎప్పుడు కరుస్తాయంటే, కాలు ఒక్కసారిగా దబీమని పడ్డప్పుడు. పడ్డ ప్రతిసారీ దాచుకోవాల్సిన ఊపు వేడిగా పోతుంది, పెట్రోలు లెక్క పడిపోతుంది. నీ ఉత్తరంలో రెండూ ఉన్నాయి.

నీ కాలు నాకు తెలుసు. మిల్లు వెనక మైదానంలో ఆ డొక్కు వ్యాను మీద నీకు నేర్పింది నేనే. అమ్మ వెనక సీట్లో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుంటే నువ్వు మలుపు తిప్పి ఆపావు. దారం ఎక్కింది. ఆగామని కూడా అమ్మకి తెలియలేదు, "ఇంకా ఎంతసేపు తిప్పుతావే?" అంది. ఆ కాలు ప్యాడ్లని అరగదీయదు.

ఇంతకీ సూటిగా అడుగుతున్నాను. బ్రేకు మీద ఉన్నది ఎవరి కాలు? బావ నడుపుతున్నాడా? మిషన్ మీంచి లేచి, కళ్ళు తిరుగుతూ, స్టీరింగ్ పట్టుకుంటున్నాడా? నీదే అయితే ఏం చూసి అంత ఉలిక్కిపడుతున్నావు?

వెంటనే రాయి. ఈసారి పేజీ నిండకపోయినా ఫర్వాలేదు.

అన్నయ్య

*

వాగు దాటిన ఇల్లు.
మే చివర.

ప్రియమైన అన్నయ్యగారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందినది. మేము క్షేమం. ఈ ప్రాంతంలో రద్దీ బాగా పెరిగినందున తరచుగా బ్రేకు వేయవలసి వస్తున్నది. వీధి కుక్కల బెడద కూడా ఎక్కువగా ఉన్నది. మెకానిక్ వేసిన ప్యాడ్లు నాసిరకమని తేలినది. మంచివి తెప్పించమని చెప్పియున్నాము.

కారు నేనే నడుపుతున్నాను. ఆందోళన చెందవలసిన అవసరం లేదు. వాతావరణం పొడిగా ఉన్నది.

ఇట్లు,
మీ చెల్లెలు

*

పాత మిల్లు క్వార్టర్లు.
జూన్.

పిడుగూ,

నువ్వు నన్ను జన్మలో "ప్రియమైన అన్నయ్యగారికి" అనలేదు. "మీరు" అన్నది ఒక్కసారే, నీ పెళ్ళిలో, నలుగురి ఎదుట నవ్వాపుకోలేక. వాతావరణం సంగతి చెప్పి ముగించే మనిషి మన కుటుంబంలో ఒక్కడే ఉన్నాడు.

కాబట్టి నాకు తెలిసింది నేను రాస్తాను. ప్యాడ్లు అరుగుతున్నాయి. చక్రం అంచు గట్టుకి గీసుకుంది, అదీ ఎడమవైపు, నువ్వు ఎప్పుడూ జానెడు దూరం ఉంచే వైపు. ఉత్తరాలు నీ చేతితో రావడం లేదు. వేళ్ళ నొప్పి అన్నావు, జాలీ మరలు మాత్రం విప్పావు.

నీకు కళ్ళు కనిపించడం లేదు కదూ?

కోపం లేదు. భయంగా ఉంది. ఈ వారం కూడా మూడుసార్లు ఆ రోడ్డెక్కుతారన్న తలపు కూర్చోనివ్వడం లేదు.

అన్నయ్య

*

ఆస్పత్రి, బయట హాలు, కిటికీ పక్క బల్ల.
జూన్.

అన్నయ్యా,

ఇది నా చెయ్యే. నర్సు దగ్గర లావు పెన్ను అడిగి తీసుకున్నాను. పేజీకి నాలుగు లైన్లు పడుతున్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే నువ్వే విడదీసుకో.

ఆ "ఇట్లు మీ చెల్లెలు" ఉత్తరం సంగతి నాకు తెలియనే తెలియదు. నీ ఉత్తరాలు ఆయనే చదివి వినిపిస్తారు. మొన్నటిది చదువుతూ పేజీ మధ్యలో ఊపిరి తీసుకున్నారు. నేను ముప్పై ఏళ్ళు ఆ గొంతు వింటూ వంట చేశాను. వార్త చివర తీసుకోవాల్సిన ఊపిరి మధ్యలో తీసుకున్నారంటే ఏదో మింగేశారన్నమాట. నీ ఉత్తరాలు రెండూ సంచీలో వేసుకొచ్చి ఇక్కడ నర్సు చేత చదివించుకున్నాను. ఆ అమ్మాయి నీ చివరి ప్రశ్న చదివి నా మొహంలోకి చూసింది. చూసిందని అనుకుంటున్నాను, మొహాలు నాకు తెలియవు కదా.

అవును. ఏడాది పైనే అయింది. మధ్యలో మసక, చుట్టూ మామూలుగా ఉంటుంది. రోడ్డు పక్క స్తంభాలు కనిపిస్తాయి, రోడ్డు కనిపించదు. వేళ్ళ నొప్పి అబద్ధం, అది నాదే. మిగతావి ఆయనవి.

మేమిద్దరం కలిసి నడుపుతున్నాం. ఆయన ఎడమ చేతికి మిషన్ కోసం ఆపరేషన్ చేశారు, ఆ చేత్తో బరువు పట్టకూడదు, కాళ్ళలో బలం లేదు. నా కాళ్ళూ చేతులూ బాగున్నాయి. అందుకని స్టీరింగ్ నాది, కళ్ళు ఆయనవి. పక్కన కూర్చుని వార్తలు చదివినట్టే చదువుతారు. "ముందు ఎర్ర దీపం. ఆపు. కుడివైపు లారీ. ముందు ఖాళీ. పోనీ." మొదట్లో నవ్వొచ్చేది. "మనదీ మూగదాని జాతే, సగం నువ్వు సగం నేను" అన్నారు. ఆయన చూసి, చెప్పి, నేను విని, కాలు వేసేసరికి ఆలస్యమవుతుంది. అందుకే దబీమని పడుతుంది. నువ్వు ప్యాడ్లలో చూసింది ఆ ఆలస్యాన్నే.

పోయిన వారం తిరిగొస్తుంటే ఆయన గొంతు ఆగింది. రోడ్డు ఖాళీగా ఉంది కాబోలు, చెప్పడానికేం లేదనుకున్నాను. కాసేపు పోనిచ్చాను. తర్వాత "ఏమండీ" అన్నాను. పలకలేదు. మిషన్ దిగాక వచ్చే నిద్ర అది, మనిషిని గుంజేస్తుంది. కాలు తీసేశాను. ఇంజను ఆగిపోయి కారు దానంతటదే మెల్లగా జారుతోంది. చప్పుడు లేదు. ఎదర ఏముందో తెలియదు. బ్రేకు నొక్కాను, ఆగింది. అప్పుడు బానెట్ మీద ఎవరో అరచేత్తో ఠపీమని కొట్టారు.

ఆ చప్పుడుకి ఆయన కదిలారు. కళ్ళు తెరవకుండానే, అదే గొంతుతో, "ముందు ఖాళీ. పోనీ" అన్నారు.

నా కాలు లేచింది అన్నయ్యా. లేచి, ఆగింది. ఎందుకు ఆగిందో తెలియదు. అద్దం అవతల ఓ ఆడమనిషి అరుస్తోంది. "కళ్ళు కనబడటం లేదా?" అంది. "లేదమ్మా" అన్నాను. "పైగా వెటకారమొకటి! పిల్లని చంపేసేదానివి!" అంది. అప్పుడు తెలిసింది, ఆమె చేతిలో పిల్ల ఉందని.

తానన్న మాట ఆయనకి గుర్తులేదు. నేను చెప్పలేదు. ఆస్పత్రి వ్యాన్ ఉంది, ఇంటి ముందుకే వస్తుంది. ఆయన ఎక్కరు. మొదట్లో రెండు వారాలు ఎక్కారు. "అందులో ఒక్కో సీటు ఖాళీ అవుతూ ఉంటుంది, ఎవరూ ఏమైందని అడగరు, సంచీలు పెట్టుకుంటారు. ఆ బండి ఎక్కమంటే ఇంట్లోనే ఉండిపోతాను" అన్నారు. అంటే వైద్యం మానేస్తాననే. టాక్సీవాడు రెండుసార్లు రాలేదు, మిషన్ దగ్గర మన వంతు పోయింది. ఈ మాట చెబితే ఆయన ఏదీ ఎక్కరేమోనని నా భయం. చెప్పకపోతే ఆ పిల్ల.

నువ్వేం చేస్తావో చెయ్యి. పిలుస్తున్నారు, ఆయన మిషన్ అయిపోయినట్టుంది. ఇంటికి వెళ్ళాలి. ఎలా వెళ్తామో నీకు తెలుసు.

పిడుగు

*

పాత మిల్లు క్వార్టర్లు.
జూన్. ఉత్తరం చేరిన రోజే.

బావా,

కవరు మీద నా చెల్లెలి పేరుంది కానీ చదివేది నువ్వే. అందుకని నీకే రాస్తున్నాను. దానికి వినిపించేటప్పుడు ఏదీ మింగకు. మింగితే దానికి తెలిసిపోతుంది, నీ ఊపిరిని బట్టి పట్టేస్తుంది.

పోయిన వారం నువ్వు కారులో నిద్రపోయావు. అది కారు ఆపింది. నువ్వు నిద్రలోనే "ముందు ఖాళీ, పోనీ" అన్నావు. ఆ క్షణాన బానెట్‌కి ఆనుకుని ఒక తల్లి, ఆమె చేతిలో పిల్ల నిలబడి ఉన్నారు.

నీకు చెప్పకుండా దాచింది. చెబితే నువ్వు మందూ మాకూ మానేసి మంచం పడతావని దాని భయం. నాకూ ఆ భయం ఉంది. ఈ వాక్యం రాయడానికి పొద్దుటినుంచి మూడు కాగితాలు చింపాను. కానీ నీ గొంతుతో ఏం జరగబోయిందో తెలుసుకునే హక్కు నీకుంది. నువ్వు జీవితమంతా ఊరికి నిజం చెప్పి బతికినవాడివి.

"మనదీ మూగదాని జాతే" అన్నావట. కాదు బావా. దాంట్లో ఇంజనూ మోటారూ ఉన్నాయి సరే, ఆ రెంటి మధ్యా ఒక కంప్యూటరు కూర్చుని ఉంది. ఒకటి నిద్రపోతే రెండోదానికి ఆ క్షణమే చెబుతుంది. అది నిద్రపోదు. మీ ఇద్దరి మధ్యా ఎవరు కూర్చున్నారు? నువ్వు నిద్రపోతే దానికి అందేది మౌనమే. ఖాళీ రోడ్డుకీ అదే మౌనం. ఏది ఏదో అది ఎలా పోల్చుకుంటుంది?

ఇప్పుడు పని చెబుతున్నాను. కారు ఆపి, తాళం తీసి ఇంట్లో పెట్టండి. వెనక డిక్కీలో చాప ఎత్తితే ఎడమపక్క చిన్న మూత. దాని వెనక నారింజ రంగు పిడి ఉంటుంది. లావు రబ్బరు తొడుగులు వేసుకుని, పిడిని పక్కకి తిప్పి, మీవైపు లాగితే ఊడి వస్తుంది. అది లేకపోతే పెద్ద బ్యాటరీకీ కారుకీ సంబంధం తెగిపోతుంది, ఎవరు తాళం తిప్పినా కదలదు. ఊడిన చోట వేలు పెట్టొద్దు. మూత పెట్టేయండి. ఆ పిడిని నాకు పంపు. నీ దగ్గర ఉంటే ఏదో ఒక పొద్దున్న మళ్ళీ పెట్టేస్తావు. నీ జాగాలో నేనున్నా అదే పని చేస్తాను.

వ్యాన్ ఎక్కు బావా. ఎక్కనంటే నేను చేయగలిగింది లేదు, ఇంతదూరంలో ఉన్నాను. అడుగుతున్నాను, అంతే.

నీ బావ

*

వాగు దాటిన ఇల్లు.
జూలై.

బావా,

కోతలు లేని వార్తలు.

నీ ఉత్తరం చివరిదాకా పైకి చదివాను. రెండో పేరా దగ్గర గొంతు ఆగిపోతే, పొయ్యి దగ్గర్నుంచి "ఆపకండి, చదవండి" అంది. చదివాను. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రేపు నేను ఎక్కడికీ రానని చెప్పాను.

అన్నట్టే వెళ్ళలేదు. మర్నాటికల్లా కాళ్ళు ఉబ్బాయి, మూడోనాటికి మెట్టెక్కితే ఆయాసం. నీ చెల్లెలు బతిమాలలేదు, ఏడవలేదు. నేను కుర్చీలో కూలబడి ఎగశ్వాస తీస్తుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది. నావైపు సూటిగా కాక నా చెవి పక్కకి చూస్తుంది ఈ మధ్య, అలా చూస్తేనే నేను కనిపిస్తానట. "మీరు పోతే నా ఉత్తరాలు ఎవరు చదువుతారు?" అంది. నర్సు చదువుతుందిగా అన్నాను. "ఆ పిల్ల ఉచ్చారణ నేను భరించలేను" అంది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే ఊపిరి అందలేదు. తన చెయ్యి నా వీపు మీద వణుకుతోంది. ఆ చెయ్యి స్టీరింగ్ మీద వణకగా నేనెప్పుడూ చూడలేదు.

డిక్కీ దగ్గర కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టింది. రబ్బరు తొడుగులు వేసుకుంది. "చదవండి" అంది. "ఎడమకి. ఇంకొంచెం. కిందకి. ఇప్పుడు తిప్పు. లాగు" అని చదివాను. ఊడి వచ్చింది. ఇద్దరం కలిసి ఆ కారుతో చేసిన పనుల్లో ఎవరికీ ప్రమాదం లేనిది అదొక్కటే. పిడి ఈ పార్శిల్లో ఉంది. మూగదాన్ని ఎవరికివ్వాలో నువ్వే తేల్చు. తీసుకునేవాడికి ఏటా మార్చిలో నువ్వే ఉత్తరం రాయి. లేకపోతే ఆ జాలీ దులిపే నాథుడుండడు.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి కబురు చేస్తే వ్యాన్ వచ్చింది. తానూ వస్తానంది. డ్రైవరు చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. నేను వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. తను తడుముకుంటూ వచ్చి, మధ్యలో ఒక సీటు మీదున్న సంచులు తీసి కింద పెట్టి, అందులో కూర్చుంది.

"ఇక్కడ ఎవరైనా వస్తారా నాయనా?" అంది.

"రారండి," అన్నాడు డ్రైవరు.

"ఎవరిదీ సీటు?"

ఎవరూ పలకలేదు. అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. అది తనకి కనిపిస్తేగా.

"అయ్యా, నాకు కళ్ళు లేవు. మీకు నోళ్ళు కూడా లేకపోతే నేనీ బండిలో ఎవరితో వెళ్తున్నట్టు?" అంది.

ముందు సీటులోని పెద్దావిడ గొంతు సవరించుకుంది. "గడియారాల షాపాయనదమ్మా. పోయిన నెల," అంది. వెనకనుంచి ఎవరో, "వ్యాన్ ఆలస్యమైతే డ్రైవర్ని చంపుకుతినేవాడు" అన్నారు. డ్రైవరు, "నా గడియారం ఉత్తినే బాగుచేసిపెట్టాడండీ, అది ఇప్పుడూ ఐదు నిమిషాలు ముందే ఉంటుంది" అన్నాడు. ఆస్పత్రి గేటు వచ్చేదాకా ఆయన సంగతులే. కొన్ని నేనే మళ్ళీ చెప్పించుకున్నాను. ఆయనకి ముందు ఆ సీటు ఎవరిదో కూడా పెద్దావిడ చెప్పబోయింది కానీ దిగాల్సొచ్చింది.

మిషన్ మీద ఎప్పటికన్నా ఎక్కువసేపు ఉంచారు. తిరిగొచ్చేటప్పుడు తన పక్కనే కూర్చున్నాను. కాసేపటికి కళ్ళు మూతలు పడుతుంటే బలవంతంగా తెరుచుకున్నాను, అలవాటు. "ముందు ఏముందో చూడక్కర్లేదు, పడుకోండి" అంది.

నేను నిద్రపోయాను. ఎవరికీ ఏమీ కాలేదు.

నీ బావ